బెదిరిన చెయ్యి

గుంట పది అడుగుల దూరంలో ఉంది. మధ్యలో అడ్డం ఏమీ లేదు. చేతిలో ఇనుప తల ఉన్న కర్ర, కాళ్ల ముందు తెల్లటి బంతి. కర్రను కొద్దిగా వెనక్కి తీసి ముందుకు తెచ్చాను. అది బంతిని తాకే రెప్పపాటులో నా కుడి మణికట్టు తేలు కుట్టినట్టు జివ్వున ఎగిరింది. బంతి గుంటను దాటి, జెండాను దాటి, దొర కాళ్ల పక్కనుంచి దూసుకుపోయి, అవతల మేస్తున్న మేకల మధ్య పడింది.

"ఏంది గుమాస్తా? మేకలకు మేత ఏసినావా?" అన్నాడు దొర.

ఆ దొర మా ఇంజనీరు. మా తాలూకాలు కర్నూలు జిల్లాలోనూ, ఆ జిల్లా మద్రాసు రాజధానిలోనూ ఉన్న రోజులవి. గిద్దలూరులో రైలుకట్ట పనులు చూసే ఆఫీసులో నేను గుమాస్తాను. దొర తెలుగంతా తన ముసలి బంట్రోతు దగ్గర నేర్చుకున్నాడు. అందుకే ఆయన నోట వ్యాకరణం తెలుగు కాక అచ్చమైన గిద్దలూరు తెలుగు వచ్చేది.

స్టేషను అవతల బీడులో ఆయన గోల్ఫు ఆటకు ఆరు గుంటలు తీయించాడు. అది పచ్చిక మొలిచే నేల కాదు. అందుకని ప్రతి గుంట చుట్టూ వాడేసిన ఇంజను నూనె కలిపిన ఇసుకను వలయంగా పరిపించి, పక్కన ఎర్రజెండా పాతించాడు. వారం తిరక్కముందే రాచర్ల వైపు నుంచి రైతులు నలుగురు ఆఫీసుకు వచ్చారు.

"సర్వే జెండాలు మా చేల దాకా వస్తాయా నాయనా?" అని అడిగాడు వాళ్లలో పెద్దాయన.

"సర్వే కాదు పెద్దాయనా. దొరగారు ఆడుకోవడానికి."

"ఆడుకునేదానికి సర్కారు జెండా ఎందుకు? మాకు చెప్పకుండా కొత్త లైను ఏస్తున్నారు. నువ్వూ వాళ్లల్లో కలిసినావు," అని ఆయన తల ఊపుతూ వెళ్లిపోయాడు. మర్నాటికి ఆరు జెండాల్లో ఒక్కటీ మిగల్లేదు. దొర మళ్లీ పాతించాడు.

ఆడడానికి జోడీ లేక దొర నన్ను పిలిచాడు. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. మా బజారు పఠనాలయంలో రెండు బీరువాల పుస్తకాలుంటే రెండూ రెండేసిసార్లు చదివాను. ఆ సంగతి ఎవరడిగినా చెప్పేవాణ్ణి, అడక్కపోయినా చెప్పేవాణ్ణి. దొర దగ్గర గోల్ఫు పుస్తకం అడిగి తెచ్చుకుని, మొదటి పేజీ నుంచి చివర చిన్న అక్షరాల్లో ఉన్న నియమాల దాకా చదివాకే కర్ర పట్టుకున్నాను. ఆర్నెల్లలో నేను కొట్టిన బంతి రైలుకట్ట పొడవునా పక్షిలా పోయేది. "పుస్తకం చదివినోడు!" అని దొర మురిసిపోయేవాడు.

ఆ తర్వాత చెయ్యి ఎగరడం మొదలైంది. దూరపు దెబ్బలకు ఏమీ లేదు. గుంట దగ్గర బంతిని కొంచెం లేపి మెల్లగా దొర్లించే చిన్న దెబ్బ ఉంది, చిప్ అంటారు, అక్కడే. ఒకరోజు ఎగిరింది. మర్నాడు ఎగురుతుందేమో అనుకున్నాను, ఎగిరింది. ఆ మీదట రోజూ.

సరిగ్గా అప్పుడే దొరకు బదిలీ అయింది. ఆయన బంగళాలో ఇంగ్లీషు విజ్ఞానసర్వస్వం ఉండేది. ఇరవై నాలుగు సంపుటాలు, తోలు అట్టలు, బంగారు అక్షరాలు. అవి మా పఠనాలయానికి ఇమ్మని అడిగాను. మా ఊళ్లో రోజూ సాయంత్రం జనం కూడి నన్ను అడిగే ప్రశ్నలకు సగం నా దగ్గర జవాబుల్లేవు. వేరుశనగకు తెగులెందుకొస్తుంది? భూమి కింద నీరు ఎటు పోతుంది? ఆ జవాబులన్నీ ఆ బంగళా గోడవార నిలబడి ఉన్నాయి!

దొర గడ్డం గోక్కున్నాడు. నంద్యాల దొర కూడా వాటిని తన క్లబ్బుకు అడిగాడట. "ఇద్దరికీ కాదనలేను. ఆడి తేల్చుకుందాం. ఆయన, వాళ్ల డాక్టరు ఒక జట్టు. నేను, నువ్వు ఒక జట్టు. గెలిచినోళ్లకు పుస్తకాలు."

జట్టుకు ఒకటే బంతి, ఇద్దరూ మార్చి మార్చి కొట్టాలి. ఏ గుంటలో ఎవరు తక్కువ దెబ్బలకు బంతి వేస్తే ఆ గుంట వాళ్లది. దొర దూరం కొడితే గుంట దగ్గరి చిన్న దెబ్బ నా వంతుకు వస్తుంది. ఆటకు పదిహేను రోజులుంది.

నాకు తెలిసిన దారి పుస్తకాలే. వైద్యం పుస్తకంలో నరాల బలహీనత అని ఉంటే లేహ్యం తిన్నాను. ప్రాణాయామం పుస్తకం చూసి శ్వాస లెక్కపెట్టాను. నాలుగు లెక్కపెట్టి కొడితే నాలుగో అంకె మీదే చెయ్యి ఎగిరింది. మనోబలం పుస్తకం చూసి "ఈ చెయ్యి నాది, నా మాట వింటుంది" అని నూరుసార్లు అనుకున్నాను. చెయ్యి ఆ పుస్తకం చదవలేదు.

ఆ ఆదివారం మార్కాపురం పోయాను. అక్కడ మా మేనమామ పలకరాయి పని చేసేవాడు. పల్చటి ఉలి ఆనించి చిన్న సుత్తితో టకటకమని తడుతూ, రాయిని తమలపాకు కట్టలా పొరలు పొరలుగా విడదీసేవాడు.

"ఏంది అల్లుడా, మణికట్టు పిసుక్కుంటా కూర్చున్నావు? గుమాస్తా పనికి గూడా చేతులు నొస్తాయా?"

సిగ్గుపడుతూనే చెప్పాను. ఆయన నవ్వలేదు. సుత్తి కింద పెట్టాడు.

"గట్టి దెబ్బకు ఎగురుతాదా, మెల్లని దెబ్బకా?"

"మెల్లని దెబ్బకే మామా."

"అట్ల చెప్పు. చెయ్యి బెదిరింది."

ఎద్దు బెదరడం విన్నాను గాని చెయ్యి బెదరడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"బండ పగలగొట్టేటప్పుడు ఎవురికీ బెదరదు. పలక చీలే ముందు కడాకు ఒక చిన్న దెబ్బ ఉంటాది చూడు, ఆడ బెదరతాది. నాకూ బెదిరినాది. ఏ రాయి పట్టుకున్నా ముక్కలే."

"ఏం మందు తిన్నావు?"

"మందేందిరా! బండెద్దు కాలవ మీది మోరీ కాడ బెదిరితే ఏం జేస్తారు?"

"కళ్లకు గంతలు కడతారు," అన్నాను, ఎక్కడో చదివింది గుర్తుచేసుకుని.

మామ అప్పుడు నవ్వాడు. "గంతలు కడితే బండి కాలవలో ఉంటాది. నీ పుస్తకం రాసినోడు బండి తోలినాడా? కొట్టినావంటే ఇంకా బెదరతాది. బతిమాలినావంటే ఆడనే నిలబడతాది. ఎలపట ఎద్దును దాపట కట్టు. అదే మోరీ, అదే బండి, దానికి మాత్రం దావ కొత్తది. బెదరాలని దానికి గుర్తే రాదు."

కాడికి కుడివైపు ఎలపట, ఎడమవైపు దాపట. మామ తన సుత్తిని ఎడమచేతికి, ఉలిని కుడిచేతికి మార్చుకుని నెలరోజులు పనిచేశాడట. మొదటి రోజే రాయి పొర సజావుగా విడిందట.

నేను దిగ్గున లేచాను. గోల్ఫు కర్రకు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉంటుంది. కింది చెయ్యే కదా ఎగిరేది! మూలనున్న మామ చేతికర్ర తీసుకుని, తిరగేసి, కుడిచెయ్యి పైనా ఎడమచెయ్యి కిందా పెట్టి, ఒక ఉల్లిగడ్డను మెల్లగా తట్టాను. చెయ్యి ఎగరలేదు. ఉల్లిగడ్డ బుద్ధిగా దొర్లుకుంటూ పోయి అత్త నీళ్లబిందెకు తగిలి ఆగింది. ఇంకోటి తట్టాను. అదీ బిందె దగ్గరికే పోయింది!

"మామా అల్లుళ్లకు పని లేకుంటే నీళ్లన్నా తెచ్చిపెట్టండి," అంది అత్త. సంతోషం పట్టలేక రెండు బిందెలు తెచ్చాను.

గిద్దలూరు వచ్చి మా పెరట్లో రోజూ సాధన చేశాను. దొరకు చెప్పలేదు. ఆయనకు పుస్తకంలో ఉన్న పట్టే పట్టు. నిజానికి నాకూ అంతే. పుస్తకానికి ఎదురు తిరగడం నా జన్మలో అదే మొదలు.

ఆటరోజు బీడు నిండా జనం. పఠనాలయానికి వచ్చేవాళ్లంతా గట్టు మీద కూర్చున్నారు. మొదటి గుంట దగ్గర నంద్యాల దొర నా చేతులకేసే చూస్తున్నాడు. సిగ్గేసి పుస్తకం పట్టే పట్టాను. జివ్వుమంది. ఆ గుంట వాళ్లకు పోయింది.

"ఏందన్నా, ఇరవై నాలుగూ నంద్యాలకు మోసిపెడతావా?" అని గట్టు మీంచి ఎవరో అరిచారు.

రెండో గుంట దగ్గర చేతులు మార్చాను. డాక్టరు కిసుక్కుమన్నాడు. మా దొర "ఏంది ఇది? పుస్తకంలో లేదే!" అన్నాడు.

"లేదు సార్," అని కొట్టాను. బంతి చిన్నగా లేచి, నల్ల ఇసుక మీద దొర్లి, గుంటకు మూరెడు దూరంలో ఆగింది. దొర నోరు తెరిచి నన్ను చూసి, బంతిని చూసి, "కొట్టు గుమాస్తా, ఎట్లన్నా కొట్టు!" అని కేకేశాడు.

ఐదు గుంటలయ్యేసరికి సరిసమానం. ఆరో గుంట దగ్గర వాళ్లు ఐదు దెబ్బల్లో ముగించారు. మాకు మూడయ్యాయి, నా వంతు. పదిహేను అడుగులు. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. కొట్టాను. బంతి దొర్లింది, దొర్లింది, గుంట అంచున తల వంచి చూసి, లోపలికి దూకింది!

గట్టంతా ఒక్కసారిగా లేచింది. కానీ నంద్యాల దొర చెయ్యెత్తి ఆపాడు. అలా తలకిందుల పట్టుతో కొట్టడం చెల్లదన్నాడు. మా దొర ముఖం పాలిపోయింది. ఆయనకు నియమాలు కంఠతా రావు.

నాకు వచ్చు. "పుస్తకం తెప్పించండి సార్," అన్నాను. బంట్రోతు బంగళాకు పరుగెత్తి తెచ్చాడు. చివరి పేజీలు తీసి నంద్యాల దొర చేతిలో పెట్టాను. బంతిని నెట్టకూడదు, గరిటెతో తోడినట్టు తొయ్యకూడదు, సరిగా కొట్టాలి అని ఉంది. ఏ చెయ్యి పైన ఉండాలో ఒక్క ముక్క లేదు. ఆయన రెండుసార్లు చదివాడు, మూడోసారి డాక్టరు చేత చదివించాడు. ఆ తర్వాత పుస్తకం మూసి, నా వైపు చెయ్యి చాచాడు.

బండి కోసం ఆగే ఓపిక ఎవరికీ లేదు. పొద్దు ఇంకా ఉండగానే బంగళా నుంచి బజారు దాకా మనుషులు బారులు తీరారు, తలా ఒక సంపుటం నెత్తిన పెట్టుకుని. అందరికంటే వెనక నేను మొదటి సంపుటం తెరిచి చదువుకుంటూ నడిచి, మూడో పేజీలో రైలు గేటుకు నుదురు కొట్టుకున్నాను.