నువ్వే ఏదో నొక్కినవ్

వేరే ఇళ్లలో ఏదైనా వస్తువు పాడైతే, ఆఖరున దాన్ని ఎవరు ముట్టుకున్నారని అడుగుతారు. మా ఇంట్లో అడగరు, నేరుగా నా మొహం చూస్తారు. 2012లో దసరా మరునాడు పొద్దున నా లాప్‌టాప్‌కు ఇంట్లోని వైఫై కనిపించడం లేదని చెప్పినప్పుడు, మా ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే అన్నాడు.

"నువ్వే ఏదో నొక్కినవ్."

నేనేమీ నొక్కలేదు. ఆ నాలుగు రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా ఒళ్లు మండుతూనే ఉంది.

అప్పుడు మేం శామీర్‌పేటలో ఉండేవాళ్లం. ఇంట్లో మా ఆయన, అత్తమ్మ, నేను, రెండేళ్ల పాప. పాప పుట్టకముందు నేను సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేశాను. వేరే దేశాల డాక్టర్లు తమ రోగుల గురించి రికార్డు చేసి పంపే మాటలు విని, తప్పు లేకుండా టైపు చేసే పని. పాప పుట్టాక రెండు బస్సులు మారి వెళ్లిరావడం కుదరక మానేశాను. దసరాకు వారం ముందు ఆ ఆఫీసు వాళ్లే ఫోన్ చేశారు. ఇప్పుడు ఇంటి నుంచే చేయొచ్చట. సోమవారం పది గంటలకు పరీక్ష, నెట్ మాత్రం సరిగ్గా ఉండాలి, లేదంటే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

నాకు ఆ సీటు కావాలి. "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా" అన్న మాట రెండేళ్లుగా వింటున్నదాన్ని. ఆ మాట అన్నవాళ్ల ముందే హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చోవాలని నాకు గట్టిగా ఉండేది.

లాప్‌టాప్ నా జీతంతో కొనుక్కున్నదే. వైరు పెట్టి నెట్ వాడదామంటే, ఆ వైరు దూర్చే రంధ్రంలో పాప ఎప్పుడో బలపం ముక్క ఇరికించింది. ఎన్ని పిన్నులు పెట్టి కెలికినా అది రాలేదు. కాబట్టి వైఫై ఒక్కటే దిక్కు.

మామ బతికున్నప్పుడు మా ఇంట్లో దసరా నాడు నాగలికి, కొడవళ్లకు పూజ చేసేవారట. పొలం పోయాక మోటార్‌సైకిలు, కుట్టుమిషను మిగిలాయి. ఆ ఏడు అత్తమ్మ నా లాప్‌టాప్‌ను కూడా తెచ్చి పీట మీద పెట్టమంది. "రేపు నీకు అన్నం పెట్టేది గదే గదా బిడ్డా" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. బొట్లు పెట్టేది మాత్రం మగవాళ్లే. మా ఆయన తడి పసుపు బొటనవేలితో తీసి, మోటార్‌సైకిలుకు ఎలా పెట్టాడో దీనికీ అలాగే, ముందు అంచు మీద మూడు చోట్ల గట్టిగా ఒత్తి, పైన కుంకుమ అద్దాడు.

మరునాడు తెరిస్తే వైఫై పేర్లు రావాల్సిన చోట ఒక్కటీ లేదు. మా పేరే కాదు, ఎప్పుడూ కనిపించే పక్కింటి వాళ్ల పేరు కూడా లేదు. మా ఆయన ఫోన్‌లో మాత్రం అదే వైఫైతో నెట్ సుబ్బరంగా వస్తోంది.

"గిది మంచిగనే ఉన్నది. నీ దాంట్లనే ఏదో అయ్యింది. ఏం నొక్కినవో యాది చేసుకో" అని చెప్పి ఆయన ఆఫీసుకు పోయాడు.

నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు పాటలు వినిపించాక ఒకాయన మాట్లాడాడు. గోడకున్న వైఫై డబ్బా ఆపి మళ్లీ వేయమన్నాడు. వేశాను. ఎన్ని లైట్లు వెలుగుతున్నాయంటే చెప్పాను. లాప్‌టాప్‌లో ఏదో తెరవమని సగం చెప్పి ఆగిపోయాడు.

"ఇంట్లో సార్ ఉంటే ఒకసారి ఇవ్వండి మేడం."

"సార్ లేడు. లాప్‌టాప్ నాది. నాకే చెప్పండి."

"సార్ వచ్చాక ఫోన్ చేయండి మేడం, అప్పుడు సాల్వ్ చేద్దాం."

మూడేళ్లు గుండె జబ్బుల పేర్లూ ఎముకల పేర్లూ విని రాసిన మనిషిని నేను. ఒక మీట ఎక్కడుందో చెబితే నాకు అర్థం కాదా? ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను.

శనివారం లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని ఆటోలో మేడ్చల్ వెళ్లాను. అక్కడ బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. దుకాణమాయన లాప్‌టాప్ చేతిలోకి తీసుకొని, ముందు అంచు మీది పసుపు చూసి, బట్ట తీసి తుడవబోయాడు.

"అది తుడవొద్దు" అన్నాను. "దసరా బొట్టు. మా అత్తమ్మ అడుగుతది."

మా ఇంట్లో పూజ బొట్టు చేత్తో తుడిచేయరు. అది దానంతటదే పోవాలని అత్తమ్మ పట్టు. ఆయన తల ఊపి, బట్ట పక్కన పెట్టి, తెర మీద ఏవో నాలుగు తెరిచి చూశాడు.

"పరేషాన్ ఎందుకు మేడం, ఫార్మాట్ కొడితే అయిపోతది. ఇంట్ల ఎవరో ఏదో నొక్కిన్రు."

ఇక్కడ కూడా అదే మాట. ఫార్మాట్ కొడితే నేను మూడేళ్లు కూడబెట్టుకున్న మందుల పేర్ల జాబితా అంతా పోతుంది. వద్దని చెప్పి సంచి సర్దుకొని వచ్చేశాను. ఆటోలో దారి పొడవునా ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆదివారం మా ఆయన స్నేహితుల దావత్‌కని దేవరయాంజాల్ పోయాడు. నేను అటక మీద నుంచి లాప్‌టాప్ కొన్నప్పటి డబ్బా దింపాను. అడుగున ఒక పల్చటి పుస్తకం ఉంది, కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ తెరవలేదు. రెండో పేజీలో లాప్‌టాప్ బొమ్మ, ఒక్కో భాగానికి ఒక్కో అంకె. తొమ్మిదో అంకె ముందు అంచు మీద ఉంది. వైఫై వేసి ఆపే చిన్న మీట, పక్కన బియ్యపు గింజంత లైటు.

అంచు మీద వేలు పెట్టి వెతికాను. మీట లేదు, లైటు లేదు. నడిమి పసుపు బొట్టు ఉంది, ఎండి పెంకులా గట్టిపడి.

అత్తమ్మ చూస్తుండగానే తడిగుడ్డ తెచ్చి తుడిచాను. ఆమె లేచి వచ్చి నా పక్కన నిలబడింది. పసుపు పోయాక మీట బయటపడింది, ఒక పక్కకు జరిగి ఉంది. గోటితో ఇవతలికి లాగాను. నీలం లైటు వెలిగింది. తెర మీద మా పేరు వచ్చింది, పక్కింటి వాళ్ల పేరు వచ్చింది, ఎవరివో తెలియని ఇంకో రెండు పేర్లూ వచ్చాయి.

"మరి దుకాణంల ఆయన తుడుస్తుంటే నువ్వే వద్దన్నవంట గదా" అంది అత్తమ్మ. నిజమే. నిన్న ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పింది నేనే.

సోమవారం పది గంటలకు పరీక్ష రాశాను. మధ్యాహ్నానికి సీటు నాదేనని చెప్పారు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే లాప్‌టాప్ ముందు పెట్టి మీట చూపించాను. పసుపు ఎక్కడుందో, ఎవరు ఒత్తారో, అన్నీ వరుసగా చెప్పాను. ఆయన మీటను అటూ ఇటూ రెండుసార్లు జరిపి చూశాడు.

"సరె, అయ్యింది గదా. ఇగ వదిలెయ్."

"వదల. నాలుగు దినాలు నువ్వే నొక్కినవ్, నువ్వే నొక్కినవ్ అన్నరు. ఇప్పుడు చెప్పుండ్రి, ఎవరు నొక్కిన్రు?"

ఆయన తన బొటనవేలు వంక చూడలేదు. నా వంకా చూడలేదు. లాప్‌టాప్ వంకే చూస్తూ అన్నాడు.

"దానంతటదే జరిగుంటది."