మూత తియ్యని పెట్టె

2023 ఎండాకాలం. పంజగుట్టలో ఒక ప్రైవేటు కేలిబ్రేషన్ ల్యాబులో పనిచేస్తున్నాను. కొలిచే పరికరం సరిగ్గా కొలుస్తోందా లేదా అని చూడటమే కేలిబ్రేషన్. నా వంతు త్రాసులు, తూనికరాళ్ళు. ఈ ముక్క చెప్పగానే పెళ్ళిళ్ళలో చుట్టాలు "అంటే కూరగాయల కాటాలా?" అంటారు. కాదండీ, మందుల కంపెనీల్లో ఉండేవి అని చాలా ఏళ్ళు ఓపిగ్గా చెప్పాను. ఇప్పుడు ఓపిక చచ్చి, అవునండీ, వంకాయలే అనేస్తున్నాను.

మాలాంటి వాళ్ళందరికీ కలిపి ఊళ్ళో కొలతల శాస్త్ర సంఘం ఒకటుంది. దానికి నేను కార్యదర్శిని. పేరు గొప్పగానే ఉంటుంది గానీ హాలు మాట్లాడటం, టిఫిన్లు పురమాయించడం, సంఘం వార్తల పత్రిక అచ్చేయించి అందరికీ పంపడం, అన్నీ నా నెత్తినే. ఏటా మేం చేసే అసలు పని మాత్రం రౌండ్ రాబిన్. మెరిసిపోయే కిలో స్టీలు తూనికరాయిని ఒక చెక్కపెట్టెలో పెట్టి ల్యాబు నుంచి ల్యాబుకి తిప్పుతాం. ఎవరికి వారు దాన్ని తూచి, వచ్చిన అంకె నాకొక్కడికే పంపుతారు. ఏడాది మీటింగులో అందరి అంకెలూ తెర మీద వేస్తాం. ఎవరి చెయ్యి ఎంత నిక్కచ్చో అక్కడ తేలిపోతుంది.

ఈ పెట్టె ఎక్కడికి వెళ్ళినా దానికి జరిగే మర్యాద పెళ్ళికూతురిక్కూడా జరగదు. ముందటి ల్యాబు వాళ్ళే స్వయంగా తీసుకెళ్ళి అప్పగించాలి. అందుకున్నవాళ్ళు భోజనం పెట్టకుండా పంపకూడదు. ఇది ఎక్కడా రాసిలేదు, మా అధ్యక్షుడు అంజయ్యన్న పెట్టిన ఆనవాయితీ. ఆయనది సిద్ధిపేట వైపు, తిండి దగ్గర మొహమాటం లేని మనిషి. పెట్టె రాగానే మూత తీసి, గీతలేమైనా పడ్డాయా అని రాయిని అన్ని వైపులా చూసి, త్రాసు పక్కన గాజుమూత కింద పెట్టించి, అప్పుడు "ఇగ నడువుండ్రి, తిందాం" అంటాడు. తూకం సంగతి సాయంత్రమే.

ఆ ఏడాది కొత్తగా చేరిన ల్యాబు స్వరూపది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య, రెండో అంతస్తులో రెండు గదులు. పెద్ద కంపెనీలో ఉద్యోగం మానేసి సొంతంగా పెట్టుకుంది. పైనెలలో ఆమె ల్యాబుకి అక్రిడిటేషన్ కోసం తనిఖీ ఉంది. అంటే ఈ ల్యాబు లెక్క నమ్మొచ్చు అని పైవాళ్ళు ఇచ్చే గుర్తింపు. అది లేకపోతే ఏ మందుల కంపెనీ కూడా ఆమె సర్టిఫికెట్‌ని ముట్టుకోదు. ఆ తనిఖీకి వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగేది మా రౌండ్ రాబిన్ ఫలితమే.

ఆమె అంకె వచ్చింది. మిగతా ల్యాబులన్నీ ఒకచోట గుమిగూడి ఉంటే ఈమెది దూరంగా, తక్కువ వైపు పడింది.

మా నియమం ప్రకారం తేడా ఉందని చెప్పొచ్చు. ఎంత, ఎటు అన్నది చెప్పకూడదు. ఒక్కసారి మళ్ళీ తూచుకునే అవకాశం ఇవ్వాలి. ఫోన్ చేసి అంతే చెప్పాను.

"ఎక్కువొచ్చిందా తక్కువొచ్చిందా, గదొక్కటి చెప్పుండ్రి సార్."

చెప్పలేనమ్మా అన్నాను. అర్థమైంది సార్ అంది, పెట్టేసింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆమె త్రాసు మంచిది, చెయ్యి మంచిది, నేను స్వయంగా చూశాను. మరి ఏం మాయరోగం వచ్చిందో తెలియదు.

రెండోసారి పెట్టెను నేనే ఆటోలో తీసుకెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండ. పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలాయి. స్వరూప గుమ్మంలోనే నిలబడి ఉంది, రాత్రి నిద్ర పోలేదని మొహమే చెప్తోంది. పెట్టెను రెండు చేతులా అందుకుని, ఏసీ గదిలో బల్ల మీద పెట్టి, గోడ గడియారం చూసుకుంది.

నేను అలవాటు కొద్దీ మూత మీద చెయ్యి వేశాను.

"ఆగుండ్రి సార్, తెరవద్దు. ఇంక టైం కాలె."

దేనికి టైం అన్నాను. సంఘం పంపిన కాగితంలో తూచే ముందు కొన్ని గంటలు గదిలో ఉంచాలని ఉంది కదా, ఆ గంటలు అయ్యాకే తెరుస్తానంది. క్రితంసారి కూడా అలాగే చేశావా అంటే, అవునంది.

"గంటలైనంక తీసిన, ఎంటనే తూచిన. గా పెట్టె నాది కాదు గద సార్. ఊకె తెరిస్తె దుమ్ము పడ్తదని ముట్టలే."

నాకు ఒక్కసారిగా వెలిగింది. పెట్టె మందపాటి చెక్క, లోపల అంగుళం మఖ్మల్. గది ఎంత చల్లగా ఉంటే ఏం లాభం, రాయి లోపల దుప్పటి కప్పుకుని ఎండాకాలంలోనే ఉంది. వేడి రాయిని త్రాసు మీద పెడితే చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ గాలి రాయిని కూడా ఇంతో కొంతో పైకి తోస్తుంది. అంకె తగ్గుతుంది. పాత ల్యాబుల్లో ఎవరికీ ఈ ఇబ్బంది రాలేదంటే కారణం మా తెలివి కాదు, అంజయ్యన్న ఆకలి. రాయిని బయట పెట్టి భోజనానికి పోతాం కనుక, మేం తిని వచ్చేసరికి అది చల్లబడి కూర్చునేది. ఈమెకి మొదటిసారి పెట్టె అప్పగించిన లక్డీకాపూల్ ల్యాబు ఆయన రైలుకి టైమైందని గుమ్మంలోనే ఇచ్చి పరుగెత్తాడట. భోజనమూ లేదు, మూత తియ్యడమూ లేదు. కాగితంలో గదిలో ఉంచమన్నారు, పెట్టెలోంచి తీసి ఉంచమని మాత్రం ఏ మహానుభావుడూ రాయలేదు.

స్వరూప అనుకున్న గంటలు గడిచేదాకా అలాగే ఉండి, మూత తీసి, రాయి పక్కన సన్నటి థర్మామీటరు పెట్టించాను. రాయికి పట్టిన ఎండ వేడి ఇంకా దిగనేలేదు. ఆమె అంకె చూసింది, నా మొహం చూసింది. "అయ్యో" అని నెత్తి కొట్టుకుని నవ్వింది. ఏడుపు కూడా అందులోనే కలిసి వచ్చింది.

రాయిని గాజుమూత కింద పెట్టి, కింద మెస్సుకి దిగాం. కోచింగ్ కుర్రాళ్ళ మధ్య ఇరుక్కుని పప్పు, గోంగూర, పెరుగు తిన్నాం. ఆమె రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పైకొచ్చాక కూడా తొందరపడకుండా థర్మామీటరు సరేనన్నాకే తూచింది. అంకె నాకు కనబడింది. నియమం ప్రకారం నేను ఏమీ అనకూడదు. వస్తున్న నవ్వుని దగ్గుగా మార్చి, మంచినీళ్ళు అడిగి తాగి, చల్లగా బయటపడ్డాను. మెట్లు దిగుతూ ఎంత ఆనందపడ్డానో చెప్పలేను.

మీటింగు పంజగుట్టలో ఒక హోటల్ హాల్లో. తెర మీద ల్యాబుల పేర్లుండవు, నంబర్లే. ఎవరి నంబరు వారికే తెలుసు. చుక్కలన్నీ పడ్డాయి. స్వరూప ముందు తన నంబరు కోసం దూరంగా, అంచుల్లో వెతుక్కుంది. తర్వాత గుంపు మధ్యలో దొరికింది. పక్కనున్న ముక్కూమొహం తెలియని పెద్దావిడని పట్టుకుని కావలించుకుంది. అంజయ్యన్న నా ద్వారా కథంతా విని, అక్కడికక్కడే కాగితంలో ఒక వాక్యం చేర్పించాడు: పెట్టె రాగానే మూత తీసి రాయిని బయట పెట్టవలెను. భోజనం సంగతి కూడా రాద్దామన్నాడు గానీ, నేనే ఆపాను. తనిఖీ గట్టెక్కింది, గుర్తింపు వచ్చింది. ఆ కబురు మా పత్రికలో మొదటి పేజీలో వేశాను, కార్యదర్శినైనందుకు ఆ మాత్రం సుఖం ఉండాలి.

మనకి అలవాటైపోయిన పనిని మనం పనే అనుకోం. అందుకే కొత్తవాళ్ళకి చెప్పం. చెప్పని దానికి వాళ్ళు తప్పుతారు, అదీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్ళే ముందు తప్పుతారు. ఈ కేసు నాకు నేర్పింది ఇదే.

మరుసటేడు మాసబ్ ట్యాంక్ దగ్గర ఇంకో కొత్త ల్యాబు చేరింది. వాళ్ళకి పెట్టె అప్పగించే వంతు స్వరూపది. ఆ రోజు మధ్యాహ్నం నేనే ఉండబట్టలేక ఫోన్ చేసి, వాళ్ళకి మూత సంగతి చెప్పావా అమ్మా అన్నాను.

"చెప్పుడు కాదు సార్, నేనే తీయించిన. ఇప్పుడు ఈళ్ళ దగ్గర్నే అన్నం తింటున్న. రాయి సల్లవడెదాక ఈడికెల్లి లేవ."