కాగితం వెనకున్న రెండు వరుసలు

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా నాన్న పాత అంబాసిడర్ కారు కప్పు మీద పెన్సిల్ గీత గీశాడు. స్కేలు కదలకుండా చెల్లె అటు చివర పట్టుకుంది. నేను రేకుల షెడ్డు గుంజ పక్కన ఎండలో, కప్పుకు బిగించే అద్దంతో పాటు వచ్చిన కాగితం పట్టుకుని నిలబడ్డాను. అన్నం చల్లారిపోతోందని అప్పటికే మూడుసార్లు గడియారం చూశాను. అందుకే టైము గుర్తుంది.

మాది కొత్తగూడెం. నాన్న బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఖమ్మంలో ఒక తుక్కు వ్యాపారి దగ్గర ఈ కారు చూసి, లారీ మీద వేయించుకుని తెచ్చాడు. ఇంజను కదలదు, అడుగు రేకంతా తుప్పు. దాన్ని బాగుచేయడం ఆయనకూ చెల్లెకూ రెండేళ్ల పనైంది. చెల్లె ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివింది. పెళ్లయి మణుగూరులో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే చర్చి చూసుకుని బస్సెక్కి, పదకొండున్నరకల్లా మా గేటు దగ్గర దిగేది.

నేను హైస్కూల్లో ఇంగ్లిషు చెప్తాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయినప్పటి నుంచి నాన్న బీపీ మాత్రలు, ఉప్పు లేని కూర, దవాఖానాకు తీసుకుపోవడం, అన్నీ నేనే చూసుకున్నాను. వారంలో ఆరు రోజులు ఆయనతో ఉండేది నేను. ఆయన ఎదురుచూసేది ఏడో రోజు కోసం. ఆ ఆరు రోజుల్లో తోచిన ప్రశ్నలన్నీ దాచిపెట్టి చెల్లెను అడిగేవాడు. నేను ఎప్పుడన్నా క్లచ్ గురించి అడిగితే, "నీకెందుకే టీచరమ్మా, నీ పేపర్లు దిద్దుకో పో" అనేవాడు. చెల్లె ఆయనకు బిడ్డ. నేను ఇంట్లో కూడా టీచరమ్మనే. బయటివాళ్లకు అది గౌరవంగా వినిపించేది.

కారు కప్పుకు అద్దం ఎందుకు పెట్టించాడో ఆయన పోయాక చాలామంది నాకు చెప్పారు. ముప్పై ఏళ్లు భూమి కింద చీకట్లో ఉన్న మనిషి, నెత్తి మీద ఆకాశం చూడాలనుకున్నాడట. వినడానికి బాగుంది కానీ నిజం కాదు. నాన్న భూమి కింద పని చేయలేదు. వర్క్‌షాపు పైనే, ఎండలోనే ఉండేది. ఎవరో పాత కారు కప్పు కోసి అద్దం బిగిస్తున్న వీడియో ఒకటి చెల్లె ఫోన్లో చూపించి, "మనం గూడ పెడదామా నాన్నా?" అంది. "పెడదాం" అన్నాడు. వారంలో అద్దం పెట్టె ఇంటికి వచ్చింది. వంటింటి కిటికీకి దోమల జాలీ కొట్టించమని నేను అడిగి అప్పటికి ఏడాది దాటింది.

నా వంతు పని చదవడం. కాగితం నిండా చిన్న అక్షరాల ఇంగ్లిషు. చెల్లె ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, సగంలో విసుగొచ్చి వదిలేస్తుంది. అందుకని, "మా టీచరమ్మను పిలువు, చదివి చెప్తది" అన్నాడు నాన్న. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. కప్పు లోపలున్న అడ్డ పట్టీని కోయొద్దు. ముందు నాలుగు మూలలా బెజ్జాలు వేయాలి. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి రంగు పూయాలి. చెప్పినదాన్ని చెప్పినట్టు చెల్లె చేసింది. జిగ్సా మిషను రేకును కోస్తున్నప్పుడు నాన్న ఊపిరి బిగబట్టి చూశాడు. ముక్క ఊడి రాగానే ఇద్దరూ ఒకేసారి నవ్వారు. రంగు ఆరాక పైనుంచి అద్దం ఫ్రేము, కింద రబ్బరు పట్టీ పెట్టి, లోపలినుంచి పదహారు స్క్రూలు బిగించారు. చెల్లె సీటు మీద వెల్లకిలా పడుకుని బిగిస్తుంటే, దాని నుదుటి చెమట నాన్న తన భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఆయన నా నుదురు ముట్టుకుని చూసేవాడు కాదు. థర్మామీటరు ఇచ్చేవాడు.

నేను కాగితం వెనక్కి తిప్పాను. అక్కడ ఇంకో రెండు వరుసలున్నాయి. ఒక రోజు గడిచాక రబ్బరు అణుగుతుంది కనుక స్క్రూలన్నీ మళ్లీ అర చుట్టు బిగించాలి. లేకపోతే నీళ్లు దిగుతాయి. చెప్పబోతూ నోరు తెరిచాను.

"టీచరమ్మా, ఎండల ఎందుకు నిలబడ్డవ్? నీడకు పోరాదా. ఈడ చేతులున్నోళ్ల పని" అన్నాడు నాన్న.

"అక్కా, వచ్చేటప్పుడు చల్ల నీళ్లు పట్టుకరా" అంది చెల్లె లోపలినుంచి.

కాగితం మడిచాను.

"కాగితం మొత్తం అయిందా?" అన్నాడాయన.

"అవ్. చదివిన" అన్నాను.

చదివాను. అబద్ధం కాదు.

జూలైలో, మమ్మల్ని తీసుకుపోను చెల్లె వస్తే, ముగ్గురం ఆ కారులో మణుగూరు పోయాం, చెల్లె అత్తగారింట్లో చిన్న ప్రార్థన కూడిక ఉంటే. ఎండ కాస్తున్నంతసేపూ బాగుంది. కూడిక అయ్యాక, కారు చూస్తానని చెల్లె అత్త ముందు సీట్లో కూర్చుంది. నాన్న ఆమెను కాలనీ చుట్టూ తిప్పుతానన్నాడు. నేనూ చెల్లె వెనక కూర్చున్నాం. మలుపు తిరగకముందే వాన దంచికొట్టింది. రెండు నిమిషాల్లో ఆమె నెత్తి మీద చుక్క పడింది. తర్వాత ధార.

ఇంటి ముందు ఆపేసరికి ఆమె కొత్త చీర భుజం తడిసిపోయింది. అరుగు మీదున్న చుట్టాలందరికీ వినపడేలా, "ఏందన్నా ఇది, కిటికీ పెట్టిన్రా, నల్లా పెట్టిన్రా?" అంది. అందరూ నవ్వారు. చెల్లె మొగుడు కూడా నవ్వాడు.

నాన్న నవ్వలేదు. చెల్లె వైపు తిరిగి, "చేతగానప్పుడు ముట్టొద్దు. పదిమందిల నా పరువు తీసినవ్" అన్నాడు.

"నేను మంచిగనే బిగించిన నాన్నా."

"మంచిగ బిగిస్తె నీళ్లెట్ల వస్తయ్?" అని నా వైపు చూశాడు. "టీచరమ్మా, అండ్ల ఉన్నదంత చదివినవ్ గద?"

"చదివిన" అన్నాను మళ్లీ.

ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. ఇది దాచి మిగతాది రాస్తే లాభం లేదు. తిరుగు ప్రయాణంలో నేను ముందు సీట్లో, తడి మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం చెల్లె రాలేదు. పని ఉందంది. ఆ తర్వాతి వారమూ అంతే. నాన్న కారు మీద ప్లాస్టిక్ పట్టా కప్పాడు. అయినా ఆదివారం పదకొండున్నరకు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను టీ పట్టుకెళ్తే తాగేవాడు. బస్సు పోయాక లోపలికి వచ్చేవాడు. ఆయన పక్కన ఇప్పుడు ఖాళీ ఉంది కానీ నన్ను అందులోకి పిలవలేదు.

ఒకరోజు బడి నుంచి తొందరగా వచ్చి, నాన్న నిద్రపోతుంటే స్క్రూడ్రైవరు తీసుకుని షెడ్డులోకి పోయాను. పట్టా ఎత్తి లోపల కూర్చున్నాను. పదహారు స్క్రూలు లెక్కపెట్టాను. అయిదు నిమిషాల పని. అది చేసి, ఒక బిందె నీళ్లు పోసి, కారడం లేదు నాన్నా అని చెప్పొచ్చు. చెప్తే ఆయన ముందుగా చేసే పని చెల్లెకు ఫోన్ చేయడం. అది ఆలోచించుకుని స్క్రూడ్రైవరు తెచ్చినచోటే పెట్టేశాను.

నవంబరులో నాన్నకు గుండెలో నొప్పి వచ్చింది. ఆటోలో దవాఖానాకు నేనే తీసుకుపోయాను. రాత్రంతా నేనే ఉన్నాను. తెల్లవారుతుండగా కళ్లు తెరిచి, "చెల్లె బయల్దేరిందా?" అన్నాడు. బయల్దేరింది నాన్నా అన్నాను. అది వచ్చేసరికి ఆయన లేడు.

సమాధి అయ్యాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక నాడు ఆడవాళ్లంతా చెల్లె చుట్టూ చేరారు. మాట పట్టింపు తీరకుండానే తండ్రి పోయాడే అని దాన్ని పట్టుకుని ఏడ్చారు. నేను టీలు ఇచ్చాను. దాని ఏడుపు మీద కూడా నాకు అసూయ కలిగింది. నాకు ఏడుపు రాలేదు.

మర్నాడు అది నాన్న పనిముట్లు సర్దుతుంటే, నిఘంటువులో పెట్టుకున్న ఆ కాగితం తీసుకుపోయి ఇచ్చాను. "వెనక చూడు" అన్నాను.

అది నేల మీద కూర్చుని పెదాలు కదుపుతూ చదివింది. చాలాసేపు పట్టింది. నేను సాయం చేయలేదు.

"అర చుట్టా?" అంది.

"అవ్."

"గంతేనా?"

"గంతే."

"నాన్నకు చెప్పినవా?"

"లేదు."

అది లేచి కారులోకి పోయి పదహారు స్క్రూలూ వరసగా బిగించింది. దిగి, చేతులు తుడుచుకుని, పనిముట్ల పెట్టె వెనక సీట్లో పెట్టుకుంది. గేటు నేను తీశాను, అది కారు నడుపుకుంటూ పోయింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకే అనిపించింది.

కారు ఇప్పుడు మణుగూరులోనే ఉంది. వానాకాలంలో కూడా తిప్పుతున్నారని విన్నాను. పండక్కీ చావుకీ మేం కలుస్తాం, బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటాం. బ్యాంకు కాగితమో పిల్లల బడి నోటీసో ఇంగ్లిషులో వస్తే, చెల్లె కూడబలుక్కుంటూ తనే చదువుకుంటుంది. నన్ను చదివి చెప్పమని అడగడం మానేసింది.