పది వేల ఒక్క రూపాయి

ఆ రోజుల్లో నాకు రహస్యాలంటే మహా గౌరవం. దాచుకోవడానికి ఏమీ లేనివాడికే ఆ గౌరవం ఎక్కువగా ఉంటుందని తరవాత తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. అక్కడ నా సీనియర్ ఒకాయన ఫోను కెమెరాకి వాళ్లావిడ బొట్టుబిళ్ల అంటించుకుని తిరిగేవాడు (ఎవరో తనని చూస్తున్నారని అనుమానం). అందుకని ఆయన్ని బొట్టుబిళ్లన్న అనేవాళ్లం. ఎవరి దగ్గర ఎంతుందో, ఎవరు ఎవరికి పంపారో బయటికి కనపడని క్రిప్టో నాణెం ఒకటుందని నాకు చెప్పింది ఆయనే. "మధ్యల కంపెనీ లేదు, మేనేజర్ లేడు. కొనెటోడు, అమ్మెటోడు, గంతే" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది.

సరిగ్గా ఆ వారమే మొదటి జీతం పడింది. శుక్రవారం దీపం పెట్టే వేళకి అది మొత్తం అమ్మ చేతిలో పెట్టాలని ఎల్బీ నగర్‌లో మా ఇంట్లో ఎప్పుడో తీర్మానమైపోయింది. మధ్యాహ్నం అందులోంచి పదివేలు తీసి నాణెం కొనడం, సాయంత్రానికల్లా లాభానికి అమ్మేయడం, జీతం అమ్మకిచ్చి లాభం నేనుంచుకోవడం, ఇదీ నా పథకం. (ఇలాంటి పథకాలు వేసేవాడికి జీతం ఎలా ఇచ్చారా అని ఇప్పుడు ఆశ్చర్యపోతుంటాను.)

పద్ధతి సులువే. అమ్మేవాడి నాణెం, ఇద్దరి పూచీ సొమ్ము యాప్ తాళంలో పడతాయి. నేను బ్యాంకు నుంచి అతనికి డబ్బు పంపాలి. అందిందని అతను నొక్కితే తాళం తెరుచుకుంటుంది. నా పూచీ బొట్టుబిళ్లన్నే కట్టాడు. "పైసా అటిటు కావద్దు" అని పదిసార్లు చెప్పాడు. "సరేనన్నా" అని పదిసార్లు అని, పంపాను.

అరగంటైనా తాళం తెరుచుకోలేదు. ఆ తరవాత అమ్మేవాడి నుంచి ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది: లెక్క తేడాగా ఉంది, మీరెవరు? బొట్టుబిళ్లన్న నా ఫోను లాక్కుని చూశాడు. నేను పంపింది పది వేల ఒక్క రూపాయి.

"గీ ఒక్క రూపాయి ఏందిర?"

"మొదటిసారి కదన్నా, సున్నాతో పంపితే బాగోదని... చెయ్యి దానంతటదే నొక్కేసింది."

"పెండ్లిల కట్నం రాపిస్తున్నవార నువ్వు?" అంటూ తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

మోసగాళ్లు ఇలాగే అటూ ఇటూగా పంపి తగాదా పెట్టుకుంటారట. అమ్మేవాడు నన్నూ ఆ బాపతే అనుకున్నాడు. తగాదాలకి మాత్రం యాప్‌లో ఒక మధ్యవర్తి ఉంటాడట; అతని దాకా వెళితే వారమో, పది రోజులో అన్నీ తాళంలోనే. మూడున్నరకి అమ్మ ఫోను చేసింది. "నాన్నా, పెందలాడే వచ్చెయ్. పరమాన్నం చేశాను. నీ జీతం దేవుడి దగ్గర పెట్టాకే నేను తింటాను." అలాగేనమ్మా అన్నాను. పొద్దుటినుంచీ ఆవిడ ఏమీ తినలేదన్నమాట.

నాలుగున్నరకి ఇంక దాచేదేముందని ఉన్నదున్నట్టు రాశాను, అదీ తెలుగులో (బ్యాంకులో పేరు చూస్తే మనవాడిలాగే ఉన్నాడు). "మొదటి జీతమండీ. సున్నా మీద వదలకూడదని మా అమ్మ అంటుంది. అలవాటుగా ఒక రూపాయి కలిపేశాను. ఈ సాయంత్రం డబ్బు ఆవిడ చేతిలో పెట్టాలి." తరవాత ఇద్దరం ఫోను కేసి చూస్తూ కూర్చున్నాం. నాకు ధైర్యం చెప్పాల్సిన బొట్టుబిళ్లన్న గోళ్లు కొరుక్కుంటున్నాడు.

ఎంతసేపటికో జవాబొచ్చింది. "జర ముందుగాల చెప్పొద్దా తమ్మీ. దొంగోడివనుకొని నా పానం పోయినంత పనైంది. మా అమ్మ గూడ గిట్లనే ఏస్తది."

తాళం తెరుచుకుంది. లాభం సంగతి నేనెత్తలేదు. నాణెం బొట్టుబిళ్లన్నకే కొన్న రేటుకి అప్పజెప్పి, ఆయన వేసిన డబ్బుతో కలిపి జీతమంతా ఏటీఎంలో తీసుకుని మెట్రో ఎక్కాను.

అమ్మ నోట్లు కళ్లకద్దుకుని దేవుడి ముందు పెట్టింది. పోపుల పెట్టెలోంచి ఒక రూపాయి బిళ్ల తీసి వాటి మీద ఉంచుతూ, "సున్నా మీద వదలకూడదు నాన్నా" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏమైందిరా అంటే అగరొత్తుల పొగ అన్నాను.

పేరు దాచుకుని వ్యాపారం చేయబోయి, ఒక్క రూపాయితో తను ఎవరి కొడుకో చెప్పేసుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు. అమ్మకి మాత్రం ఇవాళ్టికీ చెప్పలేదు. రహస్యాలంటే అంత గౌరవం ఉన్నవాడికి చివరికి మిగిలిన రహస్యం అదొక్కటే.