పాములమ్మకు మొక్కిన మొక్కు

దుబాయికి పోయి మోసపోయినవాళ్ళ కథలు మీరు చాలానే విని ఉంటారు. ఒకణ్ణి ఏజెంటు ముంచాడంటారు, ఒకణ్ణి కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ముంచాడంటారు. నన్ను మాత్రం ఎవరూ ముంచలేదు. నా కొంప నేనే, పట్టపగలు, చల్లటి ఏసీ హాల్లో, ఇరవైమంది చూస్తుండగా ముంచుకున్నాను. ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ లక్ష్మి మాత్రం ఈ కథకు ఇప్పటికీ నవ్వదు.

నా పేరు గంగారాం. నేనున్నది బహ్రెయిన్‌లో. మా జగిత్యాల వైపు గల్ఫ్ మొత్తానికీ ఒకటే పేరు, దుబాయి. మా క్యాంపు అస్కర్ దగ్గర. పైపులైన్లకు కందకాలు తవ్వే పని. అప్పటికి నేను వచ్చి రెండేళ్ళు దాటింది. వచ్చిన నాలుగు నెలలకు ఇంటి దగ్గర బిడ్డ పుట్టింది. దాన్ని నేను ఫోన్లో తప్ప చూడలేదు. "మీ నాయిన ఏడున్నడే?" అని ఎవరైనా అడిగితే పిచ్చి తల్లి ఫోనుకేసి వేలు చూపించేది. సెలవు ఇయ్యమని అడిగితే ఫోర్‌మన్ కుట్టీ సారు "వచ్చే నెల" అనేవాడు. ఆ వచ్చే నెల నాకు ఏ క్యాలెండర్‌లోనూ దొరకలేదు.

ఇక నా గుణం గురించి ఒక్క మాట. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతానికి నేను ఉచితంగా గది ఇచ్చినవాణ్ణి. క్యాంపులో ఎవడైనా చాయ్ పోసిస్తే, ముందు వాడు తాగేదాకా నేను తాగను.

అట్లాంటివాడి గడ్డపారకే, నువైద్రాత్ ఊరి అవతల కందకంలో, ఒకనాడు మట్టికుండ తగిలింది. తీసి చూస్తే పాతకాలపుది. చుట్టూ గీతలు, అంచున చిన్న పెచ్చు లేచిపోయి ఉంది. ఆ పెచ్చు లేపింది నా గడ్డపారే. నా పక్కన నర్సయ్య ఉన్నాడు. మా పక్క ఊరివాడు, నాకంటే ఆరేళ్ళు చిన్న.

"గంగన్నా, గిది పాతకాలపుదే! కుట్టీ సారుకు చెప్దాం," అన్నాడు వాడు.

"చెప్తే 'పగలగొట్టింది ఎవడు?' అంటడు. నోరు మూస్కో తమ్మీ."

పారేయడానికి మనసు రాలేదు, చెప్పడానికి ధైర్యం రాలేదు. నా ఎర్రగళ్ళ తువ్వాలలో కుండను పదిలంగా చుట్టి గట్టుమీద పెట్టి, "సార్, ఈడ ఏందో ఉన్నది!" అని కేకేసి, ఉడుతలా మళ్ళీ కందకంలోకి దూరాను. కుట్టీ సారు వచ్చి చూశాడు. ఎవరికి దొరికిందని అడిగాడు. ఇరవైమందిమీ మట్టిముద్దల్లా నిలబడ్డాం. సాయంత్రానికి సర్కారు వాళ్ళు వచ్చి పని ఆపించారు. కుండా పోయింది, నా తువ్వాలా పోయింది. ఆ తువ్వాల మూలన లక్ష్మి పసుపు దారంతో చిన్న బంతిపువ్వు కుట్టింది. ఆ పువ్వు ఆనవాలుతో నన్ను పట్టుకుంటారని అనుమానం మొదలైంది.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం కుట్టీ సారు క్యాంపుకొచ్చాడు.

"రేపు డ్యూటీ లేదు. కందకం వాళ్ళంతా మంచి బట్టలు కట్టుకోండి. సీపీఆర్ కార్డు తెచ్చుకోండి. బస్సు వస్తది. యల్లా, కదలండి!" అన్నాడు హిందీలో. సీపీఆర్ అంటే ఇక్కడి మా గుర్తింపు కార్డు. అది లేనివాడు ఇక్కడ మనిషే కాదు.

"ఎటు పోతం సార్?" అని నర్సయ్య అడిగాడు.

"రేపు తెలుస్తది," అని నవ్వాడు.

మీరే చెప్పండి, కంపెనీవాడు జీతం కోయకుండా సెలవిచ్చి, బస్సు పెట్టి, పైగా నవ్వితే ఎవరికైనా అనుమానం రాదా?

"తమ్మీ, మనల్ని సీదా ఎయిర్‌పోర్టుకు తోల్తరు. ఖలాస్," అన్నాను.

"మరి మంచి బట్టలెందుకే?"

"పోయేటోన్ని ఎట్లయినా మంచిగనే సాగనంపుతరు."

బస్సు ఎయిర్‌పోర్టుకు పోలేదు. మనామాలో ఒక పెద్ద తెల్లటి భవనం ముందు ఆగింది. పురావస్తువుల మ్యూజియమట. గ్రీసు దేశంలో క్రీటు అనే దీవి ఉంది. అక్కడ వేల ఏళ్ళ కిందట బతికిన మినోవన్ అనే జనం చేసుకున్న కుండలూ బొమ్మలూ తెచ్చి ప్రదర్శనకు పెట్టారని కుట్టీ సారు చెప్పాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను తప్ప. కుండ పగలగొట్టినవాణ్ణి కుండల మ్యూజియానికి తెచ్చారంటే దాని అర్థం ఏమిటి?

లోపల మొదటగా మనిషెత్తు కాగులు కనిపించాయి.

"అబ్బో, ఎంత పెద్ద కాగులే! వడ్లు పోసుకునేటోళ్ళేమో," అన్నాడు నర్సయ్య.

"వడ్లు గాదు, మనుషులను దాచేటందుకు. ఎన్క ఎవడన్న ఉన్నడేమో చూడు."

తర్వాత ఒక జాడీ. దానిమీద ఎనిమిది కాళ్ళ సముద్రపు జీవి, కోడిగుడ్లంత కళ్ళు. నేను ఎటు జరిగితే అటు చూస్తోంది.

"దాని కండ్లల్ల కెమెరాలున్నయి," అన్నాను నెమ్మదిగా.

"అన్నా, అది వేల ఏండ్లదంటున్నరు."

"కెమెరా మొన్న పెట్టి ఉంటరు."

ఆ పక్క గోడమీద ఒక చిత్రం. దూకుతున్న ఎద్దు, దాని వీపుమీద తలకిందులుగా గాలిలో ఎగిరిపోతున్న మనిషి. అది వాళ్ళ ఆట అని పక్కనున్న బెంగాలీ భాయ్ చెప్పాడు. నేను నమ్మలేదు. "ఆట గాదు తమ్మీ, శిక్ష! కుండ పగలగొట్టినోన్ని ఎద్దుతోని ఎగరేయిస్తున్నరు," అన్నాను. ఇంతసేపూ నన్ను చూసి నవ్వుతున్న నర్సయ్య మొహంలో కూడా ఆ ఎద్దు కొంచెం భయం పెట్టింది.

చివరి అద్దాల పెట్టెలో ఆమె ఉంది. జానెడు బొమ్మ, రెండు చేతుల్లో రెండు పాములు, పెద్దపెద్ద కళ్ళు. అసలుది వాళ్ళ దేశంలోనే ఉందట, ఇది నకలట. నాకు ఆ తేడాతో పనిలేదు. పాములు పట్టుకున్న తల్లి ఏ దేశంలోనైనా తల్లే. బూట్లు విప్పి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాను.

"తల్లీ, పాములమ్మా! ఈ కుండ ముచ్చట్ల నా పేరు బయటికి రాకుండ జూడు. ఇంటికి పోంగనే నీకు యాటపోతును గోస్త."

ఈ మొక్కును మీరు గుర్తుపెట్టుకోండి. ఒక్క అక్షరం కూడా మరిచిపోవద్దు.

కళ్ళు తెరిచేసరికి కుట్టీ సారు మా అందరినీ పక్క గదిలోకి పిలుస్తున్నాడు. గదిలో బల్ల. బల్లమీద, అద్దం కింద, మా కుండ! పక్కన మా కంపెనీ పెద్ద సారు, ఇద్దరు ఫొటోలవాళ్ళు, నల్ల అబాయా వేసుకున్న మ్యూజియం మేడమ్. ఆమె ఒక సంచిలోంచి మెల్లగా ఏదో బయటికి తీసింది. నా ఎర్రగళ్ళ తువ్వాల! మూలన బంతిపువ్వు.

ఆమె నవ్వుతూ అరబ్బీలో ఏదో అడిగింది. కుట్టీ సారు హిందీలో చెప్పాడు: "ఈ తువ్వాల ఎవరిది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి మెడమీదికి పోయింది. దించేసి నర్సయ్య వెనక్కి జరిగాను.

"గంగన్నా, నిన్నే అడుగుతున్నరు."

"నన్నెందుకు అడుగుతరు? అది నీదే."

"నాదెట్లయితదే? వదిన కుట్టిన పువ్వు గాదా?"

"మెల్లగ మాట్లాడు! తమ్మీ, నీ కాల్మొక్త. నీకు పెండ్లి గాలే, పిల్లలు లేరు. నిన్ను రెండు మూడు నెల్లు లోపలేసి ఇడిసిపెడ్తరు. నా బిడ్డ నా మొఖమన్న చూడలే."

నర్సయ్య నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాడికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరే అన్నా. మా అమ్మకు నువ్వే చెప్పు," అన్నాడు.

నేను ఊరుకున్నానా? లేదు. వాణ్ణి ముందుకు తోసి, "సార్, ఇస్‌కా హై! వీనిదే! అమ్మతోడు!" అని గదంతా వినిపించేట్టు అరిచాను. నర్సయ్య బేడీలకోసం రెండు చేతులూ ముందుకు చాచి నడిచాడు. ఆ చాచిన చేతుల్లో మేడమ్ ఒక పూలగుత్తి పెట్టింది.

ఫొటోలు టపటపా పడ్డాయి. పెద్ద సారు చప్పట్లు కొట్టాడు. కుట్టీ సారు ఒక కాగితం తీసి చదివాడు: వేల ఏళ్ళనాటి కుండను ఇంత పదిలంగా తువ్వాలలో చుట్టి కాపాడిన కూలీకి మ్యూజియం మెచ్చుకోలు పత్రం, కంపెనీ తరఫున నెలరోజుల సెలవు, పోను రాను విమానం టికెట్టు.

రొట్టె విరిగి నేతిలో పడటం మీరు విన్నారు. నాది విరిగి నర్సయ్య నేతిలో పడింది.

"సార్! తువ్వాల మేరా! పువ్వు చూడుండ్రి, నా పెండ్లం కుట్టింది!" అని పరుగెత్తాను, ఉత్త సాక్సులతో. బూట్లు పాములమ్మ దగ్గరే ఉండిపోయాయి.

కుట్టీ సారు నన్ను పైనుంచి కిందికి చూశాడు. జన్మలో మొదటిసారి, నేను లోకాన్ని చూసే అనుమానపు చూపుతో ఒకడు నన్ను చూశాడు.

"ఇప్పుడే కదా అమ్మతోడు వాడిదన్నావు? టికెట్టు పేరు వినగానే నీదైందా?"

"సార్, నిజంగ గంగన్నదే," అన్నాడు నర్సయ్య, పూలగుత్తి నాకు ఇవ్వబోతూ.

"చూడు, ఎంత మంచివాడో! తనకొచ్చింది కూడా ఇచ్చేస్తున్నాడు," అని కుట్టీ సారు వాడి భుజం తట్టాడు. పెద్ద సారు ఇంకోసారి చప్పట్లు కొట్టాడు. ఇక వాడు ఎంత నిజం చెబితే అంత మంచివాడైపోయాడు, నేను నోరు తెరిచినకొద్దీ దొంగనయ్యాను.

బస్సులో తల పట్టుకుని ఆలోచించాను. పాములమ్మ తప్పేం లేదు. నా పేరు బయటికి రాకుండా చూడమన్నాను, చూసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కానీ, అడిగితే సరిగ్గా అడిగినంతే పెడుతుందని ఎవరూ చెప్పలేదు. పైగా యాట బాకీ ఒకటి మిగిలింది. క్రీటు దీవికి మా జగిత్యాల నుంచి బస్సు కూడా లేదు.

నర్సయ్య వారానికే ఊరెళ్ళాడు. నా బిడ్డకోసం నేను కొన్న గౌను, బొమ్మ మోసుకుపోయి మా ఇంటికి వెళ్ళాడు. ఆ సంగతి లక్ష్మి ఫోన్లో చెప్పింది.

"నర్సన్న గడప తొక్కంగనే పొల్ల ఉరికిపోయి కాళ్ళు పట్టుకున్నది. 'నాయినా' అన్నది."

"వాన్ని నాయినా అన్నదా?"

"దానికేమెరుక? దుబాయి నుంచి వచ్చినోడు నాయిననే అనుకున్నది. ఇగో, నర్సన్న అంత చెప్పిండు. తువ్వాల నాది గాదన్నవంట గదా?"

సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను. ఏం మాట్లాడినా నష్టం నాకే.

నెల తర్వాత నర్సయ్య తిరిగొచ్చి నా చేతిలో ఒక కొత్త తువ్వాల పెట్టాడు. లక్ష్మి పంపింది. ఈసారి పువ్వు లేదు. ఆ కొసనుంచి ఈ కొసదాకా, ఎర్రదారంతో, బెత్తెడేసి అక్షరాలు: "ఇది గంగారాందే."

ఆ తువ్వాలమీద చేయివేసి, పాములమ్మ సాక్షిగా, మీ అందరిముందూ ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ వస్తువు ఎత్తిపట్టి "ఇది ఎవరిది?" అని అడిగినా, అది కుండైనా, చీపురైనా, పక్కవాడి మాడిన కూరగిన్నైనా, ముందు నాదే అంటాను. అనుమానాలుంటే తర్వాత పడతాను.