చెట్టు దిగి నడిచిన రసం కాయ

నేను నిజం చెబితే నమ్మేవాళ్లు మా ఊళ్లో లేరు. తప్పు వాళ్లది కాదు. చాట్రాయిలో కొన్న ఒక్క బంగినపల్లి కాయని బండి వెనక కట్టుకుంటే, దాని బరువుకి ముందు చక్రం గాల్లోకి లేచిందనీ, నూజివీడు దాకా ఒంటి చక్రం మీదే వచ్చాననీ ఆగిరిపల్లి టీకొట్టులో చెప్పినవాణ్ణి నేనే. కాబట్టి ఇది కూడా కాస్త అనుమానంగానే చదవండి. నాకు అలవాటే.

నిరుడు వేసవిలో పాత డిజిటల్ స్టిల్ కెమెరాతో సినిమా తీయాలని బుద్ధి పుట్టింది. వస్తువుని బొటనవేలంత జరపడం, ఒక ఫొటో తీయడం, మళ్లీ జరపడం. అలా తీసిన డజను ఫొటోలు వరసగా పరిగెత్తిస్తే ఒక్క సెకను సినిమా. నా కథలో ఒక చిన్న రసం కాయ కోతకి ముందే చెట్టు దిగి, కాలవ గట్టెక్కి పారిపోతుంది. నొక్కినప్పుడల్లా కెమెరా కదులుతోందని, పది సెకన్లకోసారి తనంతట తనే ఫొటో తీసుకునేలా పెట్టాను. చెయ్యి తియ్యడం ఆలస్యమైతే చెయ్యి కూడా పడేది. ఇక ఆరుబయట మబ్బు మన మాట వినదు. ఒక ఫొటో నల్లగా, పక్కది తెల్లగా. గాలొస్తే చెట్టంతా ఒకలా ఊగుతుంది, దారం కట్టి వేలాడదీసిన నా కాయ ఇంకోలా.

తోట మాదే. కాపు మాది కాదు. మావైపు పూత మీదే కాపు అమ్మేస్తాం. అమ్మాక కోత అయ్యేదాకా మన చెట్టు కాయ మనం కోసినా దొంగతనమే. ఆ ఏడు కొన్న నూజివీడు షావుకారు, మా తోటలో ఎప్పుడూ ఉండే పెద్దాయననే కాపలా పెట్టాడు. రాలిన కాయలు పెద్దాయనవి. ముక్కలు కోసి ఒరుగులు ఎండబెట్టుకుంటాడు. "కావలిస్తే వాటిలో తీసుకోండి బాబుగారూ" అన్నాడు కూడా.

కానీ రాలిన కాయకి ముచ్చిక, అదే తొడిమ, ఉండదు. నా కథానాయకుడికి ఆ ముచ్చికే పిలక. అందుకని కొమ్మ మీదున్న కాయని ముందు ఫొటోలు తీసి, పెద్దాయన అన్నానికి వెళ్లగానే కత్తెరతో ముచ్చిక పైన కత్తిరించి, అదే చోట నైలాన్ దారంతో వేలాడదీసి, కొంచెం కొంచెం కిందికి దించాను. సొన కారి మచ్చ పడితే ఇంకోటి కోశాను. మూడు రోజుల్లో పదకొండు. పనైపోయినవాటిని రాలుకాయల కుప్పలో పడేశాను. దాచడానికి అంతకంటే మంచి చోటు లేదనుకున్నాను.

నాలుగో రోజు షావుకారు వచ్చాడు. రోజంతా ఒకే చెట్టుకి ఫొటోలు తీసేవాడు వేరే వ్యాపారికి కాపు ఎలా ఉందో చేరవేస్తున్నాడని నా మీద ముందునుంచీ అనుమానం. ఆవేళ మాత్రం నన్ను వదిలేసి కుప్ప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఏంటి పెద్దాయనా, ఈ ఏడు కాయలు ముచ్చికతో సహా రాలుతున్నాయా?"

"నేను కొయ్యలేదండీ."

"మరి గాలి కత్తెర పట్టుకొచ్చిందా? రేపట్నుంచి రామాకు. ఇంకొకళ్లని చూసుకుంటా."

పెద్దాయన మెళ్లో తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు. దొంగ అన్న పేరు పడితే ఇటు జి. కొండూరు దాకా ఏ తోటలోనూ ఆయన్ని పెట్టుకోరు.

"నేనే కోశానండీ" అన్నాను.

"ఊరుకోండి అన్నగారూ. ఒంటి చక్రం మీద వచ్చింది మీరేగా. పెద్దాయన మీద జాలేస్తే ఇంకో మాట చెప్పండి."

సినిమా కోసమే కోశానని, అప్పటిదాకా తీసి సెల్లులోకి ఎక్కించుకున్న ముక్క చూపించాను. కాయ కొమ్మ మీద అటూ ఇటూ చూసింది, తనంతట తానే నేలకి దిగింది, పిలక ఊపుకుంటూ కంచె దాకా నడిచింది.

"అంటే మీరూ కొయ్యలేదు, ఈయనా కొయ్యలేదు. అదే దిగింది" అన్నాడు షావుకారు. "సాక్ష్యం బాగుంది."

నా అబద్ధం బాగా కుదిరినందుకు బాధపడటం అదే మొదలు.

పెద్దాయనే అడిగాడు. "అది సినిమా కదండీ. విడి ఫొటోలుంటాయన్నారుగా, అయ్యెక్కడండీ?"

చెడిపోయినవి ఇంకా కెమెరాలోనే ఉన్నాయి. ఎండకి కెమెరా తెర కనబడక, పెద్దాయన తువ్వాలు కప్పుకుని ముగ్గురం తలలు దూర్చాం. మబ్బు పడ్డవి, చీమలు పాకినవి, కొమ్మ ఊగినవి పోగా ఒకటి వచ్చింది. ముచ్చిక మీద కత్తెర, కత్తెర వెనక నా వాచీ.

షావుకారు నా మణికట్టు పట్టుకుని పోల్చి చూశాడు. "చెయ్యి కూడా దానంతట అదే వచ్చిందంటారేమో అనుకున్నా."

పెద్దాయనకి, "రేపు మామూలుగానే రా" అన్నాడు. నాతో, "తోట మీదే అన్నగారూ. కోత అయ్యేదాకా మాత్రం లోపలికి రాకండి" అన్నాడు.

సినిమాలో గట్టు మీద నడక ఇంకా మిగిలే ఉంది. రెండు రోజులాగి కంచె అవతల నిలబడి, ఒక్క కాయ ఇమ్మని పెద్దాయన్ని అడిగాను. ముందు నా సంచీ తీసుకుని జిప్పులన్నీ తెరిచి చూశాడు. కత్తెర లేదని తేలాక కుప్పలో వెతికి వెతికి, ముచ్చిక లేని కాయ ఒకటి అందించాడు.

"పిలకది ఇస్తే మళ్లీ నా పీక మీదికొచ్చుద్దండీ."

అందుకే నా సినిమాలో కాయకి కంచె దాటగానే పిలక మాయమవుతుంది. ఏమైందని చూసినవాళ్లంతా అడుగుతారు. కాకి ఎత్తుకుపోయిందంటాను. అది మాత్రం వెంటనే నమ్ముతారు.