కాజీపేట అవ్వ నవ్వు

నలభై ఏళ్లకు పైగా ఒక ముసలమ్మను నా ఇనప్పెట్టెలో దాచుకున్నాను. బట్ట మీద రంగు, అంతే. అయినా ఎంత బరువో! ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, నవ్వుకున్నా సరే.

డెబ్బైల చివర వరంగల్‌లో ఒక సార్ దగ్గర ఆయిల్ రంగులతో మనుషుల బొమ్మలు వేయడం నేర్చుకునేదాన్ని. మాది మగ్గం నేసే ఇల్లు. పోగు తప్పితే పట్టుకునే కన్ను నాకుందని సార్ చేర్చుకున్నారు. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే ముందు పాత బొమ్మ ఒకటి చూసి వేయాలి, అదీ తలకిందులుగా పెట్టుకుని. ముఖమని తెలిస్తే చేయి అబద్ధమాడుతుందనేవారు.

అప్పుడే కాజీపేట నుంచి రైల్వే గార్డు మల్లయ్య కాకా వాళ్లమ్మ బొమ్మ తెచ్చిచ్చాడు, చెదలు తిన్న ఫ్రేము మార్చమని. ఆమె పోయి చాలా కాలమైంది. ఫోటో ఒక్కటీ లేదు. ఆమెను చూస్తూ ఎవరో వేసిన ఆ బొమ్మే ఆయనకు మిగిలింది. సార్ దాన్నే నా ముందు తలకిందులుగా పెట్టారు.

నెలన్నర వేశాను. ఆకలి తెలిసేది కాదు, ఇంటికి పోతే చేతుల నూనె వాసన చూసుకుని మురిసిపోయేదాన్ని. ఆరాక నిటారుగా తిప్పాను. పెదవి చివర కుంచె వెంట్రుకంత కిందికి జారినట్టుంది, తిప్పితే అది పైకి లేచింది. మూతి బిగించుకుని ఉండే అవ్వ నవ్వుతోంది! తప్పే. కానీ ఎంత ముద్దొచ్చిందో.

సార్ స్టేషన్ ఘన్‌పూర్‌లో పెళ్లికి వెళ్లిన రోజు, చూసుకుందామన్న ముచ్చటతో కొత్త ఫ్రేములో నేను వేసిన బొమ్మ బిగించాను. సరిగ్గా అప్పుడే కాకా వచ్చాడు. చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"అమ్మ నవ్వుతాంది బిడ్డా. ఫ్రేము మారిస్తే గింత ఫరక్ వస్తదా?"

"జర దుమ్ము తుడిచిన కాకా, గందుకే."

అంతే. బొమ్మను తువ్వాలలో చుట్టుకుని వెళ్లిపోయాడు. అసలుది గోడవైపు తిరిగి ఉంది. ఎందుకు ఆపలేదు? భయమా? కాదు. కన్నకొడుకు నా బొమ్మలో తల్లిని చూశాడు, ఆ సంతోషం వదులుకోబుద్ధి కాలేదు. రేపు కాజీపేట వెళ్లి చెబుదామనుకున్నాను. ఆ రేపు రానే లేదు. సార్ కంట పడకుండా అసలుదాన్ని ఇంటికి తెచ్చి ఇనప్పెట్టెలో పెట్టేశాను. నా బొమ్మ ఏదని సార్ అడిగితే, కుదరక గీకేశానన్నాను. ఇంకోటి వేయమని తిట్టారు. తిట్లు తింటూ కూడా లోపల ఎగిరి గంతేస్తూనే ఉన్నాను, సిగ్గులేకుండా.

కొన్నేళ్లకు కాకా మనవరాలిని తొట్టెలో వేసే వేడుకకు పిలిచాడు. గోడ మీద నా అవ్వ, పూలదండ వేసుకుని. తొట్టెలో పసిది నిద్రలో నవ్వింది. ఆడవాళ్లందరూ గోడవైపు, తొట్టెవైపు మార్చి మార్చి చూసి, అచ్చం ముత్తవ్వ నవ్వే వచ్చిందని మురిసిపోయారు. కాకా బిడ్డను ఎత్తుకుని బొమ్మకు చూపించాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు కాకా లేడు, సార్ లేరు. నేను దొంగనే, క్షమించమని అడగను. ఆ ఇంట్లో ఇప్పటికీ ఏ పిల్ల నవ్వినా అవ్వ పోలికేనంటారట. అవ్వ అలా నవ్వనే లేదు. ఆ నవ్వు నేను వేసింది.